రెండు వేళ్ళు తక్కువ

మా తమ్ముడి చేతికి అందాల్సిన కప్పు నా మూలంగా పోయిందని వాడు కనబడినవాళ్ళందరికీ చెబుతున్నాడట. చెప్పుకోనివ్వండి. నేను కాదనలేదు, ఇకముందు కాదనను కూడా. కాకపోతే వాడు చెప్పేది సగమే. మిగతా సగం నేను చెబుతాను, నాకు మింగుడుపడని ముక్కతో సహా.

ఆ వేసవిలో పదహారేళ్ళలోపు ఆడపిల్లల ఫుట్‌బాల్ లీగ్ ఆరు వారాలు నడిచింది. మా జట్టుకి మా తమ్ముడే కోచ్. మా అమ్మాయి ఫార్వర్డ్. వాడు మా ఇంట్లోనే పక్కగదిలో ఉండేవాడు కాబట్టి అది మైదానంలో వాణ్ణి "సార్" అనేది, గుమ్మం దాటి లోపలికి రాగానే "మామయ్యా, నా టవలు మళ్ళీ వాడేశావా" అని తగులుకునేది. నాది ఇంటి ముందుభాగంలోనే టైలరింగ్ షాపు. మా ఆయన బస్సు డ్రైవరు. ఆ ఏడాది కప్పు గెలిస్తే స్పోర్ట్స్ స్కూల్లో ఉద్యోగం పర్మనెంటు చేస్తామని మా తమ్ముడితో ఎవరో పెద్దాయన అన్నాడు. ఆ మాట అన్న దగ్గరనుంచి వాడికి కాలు ఒకచోట నిలవలేదు.

నాకు ఫుట్‌బాల్ తెలియదు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఎవరైనా వివరిస్తే ఇప్పటికీ తలూపుతానే తప్ప బుర్రకెక్కదు. కానీ పాతికేళ్ళుగా మనుషుల ఒళ్ళు చూసి బట్టలు కుడుతున్నదాన్ని. ఎవరి భుజం ఎప్పుడు వాలిందో, నడుం ఎప్పుడు ముందుకు పడిందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మ్యాచ్ మొదలైనప్పుడు చక్కగా నిలబడిన పిల్లలు చివరి పావుగంటకి వంకర్లు పోయేవాళ్ళు. బంతి వాళ్ళ ముందునుంచే వెళ్ళిపోతుంటే ఒక అడుగు ఆలస్యంగా కాలు చాపేవాళ్ళు. ఆట ఆగిన ప్రతిసారీ మోకాళ్ళ మీద చేతులు.

మా తమ్ముడికి మాత్రం అది బద్ధకంలా కనిపించేది. చివర్లో ఎవరు వెనకబడ్డారో కాగితం మీద రాసుకుని, మర్నాడు పొద్దున్నే వాళ్ళ చేత మైదానం చుట్టూ పది రౌండ్లు కొట్టించేవాడు. తమాషా ఏమిటంటే ఆ కాగితంలో ఎప్పుడూ ఆ నలుగురైదుగురే ఉండేవాళ్ళు, మ్యాచ్‌లో అందరికన్నా ఎక్కువ పరిగెత్తినవాళ్ళే. మా అమ్మాయి ఒకతె. పొట్టి ఇంకొకతె. పొట్టి అంటే ఎడమవైపు కాపలా కాసే పిల్ల, పాలబూత్ ఆవిడ కూతురు. గాలిదుమారంలా తిరిగేది.

ఒకరోజు అన్నం తింటూ మా ఆయన ఉన్నట్టుండి అన్నాడు, వరసగా రెండు డ్యూటీలు చేసినవాడికి మా డిపోలో స్టీరింగ్ ముట్టుకోనివ్వరని. ఎవర్ని ఉద్దేశించి అన్నాడో అందరికీ అర్థమైంది. మా తమ్ముడు మజ్జిగ గ్లాసు ఖాళీ చేసి, బావా, బస్సుకి కప్పులివ్వరుగా అని లేచి వెళ్ళిపోయాడు.

అప్పుడు పుట్టింది నాకు ఆ బుద్ధి. స్పోర్ట్స్ స్కూల్ సెలక్షన్‌లో పిల్లల్ని గోడ పక్కన నిలబెట్టి, చెయ్యెత్తించి ఒక గుర్తు, ఎగిరించి ఒక గుర్తు పెట్టి, మధ్య దూరం కొలిచారని మా అమ్మాయి ఎప్పుడో చెప్పింది. కాళ్ళలో సత్తువ ఎంతుందో దాంతో తెలిసిపోతుందట. సుద్ద నా దగ్గర ఉంది, టేపు నా మెళ్ళోనే ఉంది, షాపు పక్కన సందులో గోడ ఉంది. ఇంకేం కావాలి? మ్యాచ్‌కి ముందు శుక్రవారం మా అమ్మాయిని ఎగిరించి కొలిచి, కొలతల పుస్తకంలో రాశాను. పదహారు అంగుళాలు. ఆదివారం మ్యాచ్ అయ్యాక నాకు గిరాకీ తగిలి, దాంతో వచ్చిన మా జట్టు గోల్‌కీపర్‌ని కొలవమన్నాను. ఆ పిల్ల తాటిచెట్టంత పొడుగు, అందరూ స్తంభం అంటారు. పదమూడున్నర, ఆంటీ అని సందులోంచి అరిచింది. రాసుకున్నాను.

రెండున్నర అంగుళాలు. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు సాయంత్రం మైదానంలో తల్లిదండ్రుల సమావేశం ఉంటే పుస్తకం చంకన పెట్టుకుని వెళ్ళాను. అందరి ముందూ తెరిచి చూపించాను. ఒక్క మ్యాచ్‌తో పిల్ల కాళ్ళలో ఇంత పోతోంది, మర్నాడే రౌండ్లు కొట్టిస్తే ఎలా అని నిలదీశాను. పాలబూత్ ఆవిడ నా పక్కనే నిలబడి పుస్తకంలోకి తొంగిచూసింది.

మా తమ్ముడు పుస్తకం తీసుకుని ఒక నిమిషం చూశాడు. వాడి పెదవుల మీదకు నవ్వు రావడం నాకు కనిపించింది.

"శుక్రవారం ఎవరు కొలిచారక్కా?"

"నేనే."

"ఆదివారం?"

"స్తంభం."

"నాన్న దగ్గర నేను కూడా పుస్తకం రాశానక్కా. అంగుళం కలపకుండా నీ చెయ్యి ఒక్క కొలతైనా రాసిందా ఎప్పుడైనా?"

నాకు తల కొట్టేసినట్టయింది. మిగతా టైలర్లు ఒంటి కొలత ఉన్నదున్నట్టు రాసుకుని, బట్ట కత్తిరించేటప్పుడు కుట్టుకి వదులుతారు. మా నాన్న పద్ధతి వేరు. కత్తిరించేవాడు మరిచిపోతాడని, రాసేటప్పుడే అంగుళం కలిపి రాయించేవాడు. చిన్నప్పటినుంచి అలవాటైన చెయ్యి అడగకుండానే కలిపేస్తుంది. మా అమ్మాయి ఎగిరింది పదిహేను. నేను రాసింది పదహారు. స్తంభానికి మా షాపు పద్ధతి తెలియదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

వాడు ఆ ముక్క అందరికీ అర్థమయ్యేలా విడమరిచి చెప్పాడు. అలసట కాదండీ, మా అక్క కుట్టుకి వదిలింది అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. పాలబూత్ ఆవిడ ఒక్కతే నవ్వలేదు. అయితే భయపడాల్సిందేం లేదంటారా అని నావైపు తిరిగి అడిగింది. ఏమీ లేదమ్మా అని మా తమ్ముడే జవాబిచ్చాడు. నేను పుస్తకం మూసి చంకన పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి మిషను ముందు కూర్చున్నాక లెక్క మళ్ళీ చూసుకున్నాను. నా అంగుళం తీసేసినా ఇంకా ఒకటిన్నర మిగిలే ఉంది. పదిహేనులో ఒకటిన్నర. చొక్కా నడుము దగ్గర అంగుళన్నర బిగిస్తే మొహాన విసిరికొట్టి పోతారు, పిల్ల కాళ్ళలో తగ్గితే మాత్రం అది లెక్కలోకి రాదట. అయినా వెళ్ళి చెప్పలేదు. ఇంకోసారి నవ్వులపాలవడం నావల్ల కాదనుకున్నాను. దీన్ని గుర్తుపెట్టుకోండి, మా తమ్ముడు చెప్పని సగంలో ఇది ముఖ్యమైన ముక్క.

టేపు పక్కన పడేశాను. పుస్తకం కూడా. గోడకి అంగుళం కలపడం చేతకాదు కదా, గోడనే నమ్ముకున్నాను. జట్టులో పిల్లలందర్నీ రమ్మన్నాను. వేళ్ళకి సుద్ద రాసుకుని ఎగిరి గోడని తట్టడమే. నాలుగు రోజులు విశ్రాంతి తీసుకున్నాక తట్టిన చోట తెల్లసుద్ద, మ్యాచ్ అయ్యాక నీలం, ఆ తర్వాత రోజూ ఎర్రసుద్ద. ఒక్కొక్కరికీ మూరెడు గోడ. వాళ్ళకి అదొక ఆటైపోయింది, ఒకళ్ళనొకళ్ళు వెక్కిరించుకుంటూ ఎగిరేవాళ్ళు. నేను కిటికీలోంచి చూస్తూ కాజాలు కుట్టుకునేదాన్ని.

మూడు వారాలకి గోడ చెప్పాల్సింది చెప్పేసింది. మ్యాచ్ అయిన సాయంత్రం అందరి చెయ్యీ రెండు వేళ్ళు కిందికి దిగేది. మర్నాడు కూడా అక్కడే. రెండోరోజుకి కొందరిది కాస్త లేచేది. మూడోరోజు దాటితే తప్ప తెల్లగీత అందేది కాదు. రౌండ్లు కొట్టినవాళ్ళకి ఇంకో రోజు పట్టేది. వారానికో మ్యాచ్ ఉన్నన్నాళ్ళు ఎలాగో నెట్టుకొచ్చారు. తర్వాత మైదానం వేరే పనికి ఖాళీ చెయ్యాలని లీగ్ ఆఫీసువాళ్ళు చివరి మ్యాచ్‌లన్నీ ఒక్కచోట కుక్కేశారు. ఆదివారం క్వార్టర్ ఫైనల్, బుధవారం సెమీఫైనల్, శుక్రవారం ఫైనల్.

క్వార్టర్ గెలిచాం. సోమవారం రౌండ్లు కొట్టిన జాబితాలో పొట్టి ఉంది. మంగళవారం సాయంత్రం గోడ దగ్గర మూడుసార్లు ఎగిరింది. మూడుసార్లూ తెల్లగీతకి మూడు వేళ్ళ కిందే తగిలింది. "ఆంటీ, గోడ పెరిగింది" అని నవ్వి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది. నేను దారం తెంపి, ఇంకో కాజా మొదలుపెట్టాను.

సెమీఫైనల్లో ఇంకో నాలుగు నిమిషాలున్నాయనగా బంతి పొట్టి తల మీదుగా వెనక్కి పోయింది. దాని వెంట పడదామని తిరిగింది. మనిషి తిరిగింది కానీ కాలు తిరగలేదు. పక్కన ఎవరూ లేరు, ఎవరూ తగల్లేదు. కూర్చున్నట్టుగా కింద పడి, మోకాలు రెండు చేతులతో పట్టుకుంది. ఏడవను కూడా లేదు, ఏం జరిగిందో అర్థం కానట్టు చూస్తూ ఉంది. వాళ్ళమ్మ గ్యాలరీలోంచి చెప్పుల్లేకుండా పరిగెత్తింది.

మ్యాచ్ మాత్రం గెలిచాం. పిల్లలు కోచ్‌ని భుజాల మీదికి ఎత్తబోయి, ఎత్తలేక దించేశారు.

ఆ సాయంత్రం మా ఇంట్లో జరిగిన గొడవ వీధి చివరిదాకా వినిపించిందని తర్వాత తెలిసింది. వినిపిస్తే వినిపించింది. గోడ దగ్గరికి వచ్చి చూడరా అన్నాను. పిల్లలు ఆడేది బంతితో, గోడతో కాదన్నాడు. పొట్టిది దురదృష్టం అన్నాడు. దురదృష్టం కాదురా, సోమవారం నువ్వు కొట్టించిన పది రౌండ్లు అన్నాను. వాడు ఒంటికాలి మీద లేచాడు. నలభై ఏళ్ళొచ్చాయక్కా, ఇంకా నీ ఇంట్లో పక్కగదిలో పడుకుంటున్నాను, ఈ ఒక్క కప్పు నన్ను గెలవనివ్వు అన్నాడు. ఆ మాటకి నా గొంతు కాస్త తగ్గింది, అబద్ధమెందుకు. వీడి చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళినదాన్ని నేనే. అయినా చెప్పాల్సింది చెప్పాను. శుక్రవారం నా కూతురు ఆడదు.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింటున్న మా అమ్మాయి అందుకుంది. రాష్ట్ర జట్టుకి ఎంపిక చేసేవాళ్ళు ఫైనల్ చూడ్డానికే వస్తున్నారు, నువ్వెవరు ఆపడానికి అని నా మీదకొచ్చింది.

"నా కాళ్ళమ్మా ఇవి. నీవి కాదు."

"నీవే. ఆ పొట్టిదాని కాళ్ళూ దానివే, ఏమయ్యాయో చూశావుగా."

అది మొహం మాడ్చుకుని లోపలికి పోయింది. మా ఆయన లేచి వెళ్ళి, దాని బూట్లకి అంటిన మట్టి గీకి, గుమ్మం పక్కన పెట్టాడు. ఆయన ఎవరి పక్షమో నాకు ఆ రోజు తెలియలేదు.

శుక్రవారం పొద్దున్న నేను షట్టరు ఎత్తేసరికి మా అమ్మాయి సందులో ఒక్కతే ఉంది. ఒట్టికాళ్ళతో, వేళ్ళకి ఎర్రసుద్ద. ఎగిరింది. కాసేపు ఊపిరి తీసుకుని మళ్ళీ ఎగిరింది. మూడోసారి బలమంతా పెట్టి ఎగిరి, గోడ తట్టి, గీత వంక చూడకుండానే లోపలికి వచ్చేసింది. రెండు వేళ్ళు తక్కువ. నేను చూశానని దానికి తెలుసు. జడ గట్టిగా వెయ్యమని నా ముందు కూర్చుంది.

మైదానంలో బెంచి పక్కనే నేను కూడా ఉన్నాను. జెర్సీల మీద ఊడిన అంకెలు కుట్టే పని ఎప్పుడూ నాదే. ఆ పని చెయ్యనని మొండికెయ్యవచ్చు, అనుకున్నాను కూడా. కానీ ఆడతానన్నది అది, దాని జెర్సీ దాచేస్తే నేను మా తమ్ముడికన్నా ఎందులో మెరుగు? పిల్లలు గడ్డిలో కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నారు. మా తమ్ముడు మొదటి పదకొండు మంది పేర్లూ చదివాడు. పేరు వినబడ్డవాళ్ళు లేసులు బిగించి లేస్తున్నారు. మా అమ్మాయి లేవలేదు. లేసులు రెండూ వదులుగా పక్కలకి పడి ఉన్నాయి.

"సార్, నేను సెకండాఫ్‌లో వస్తాను."

"మీ అమ్మ నేర్పిందా?"

"అమ్మ అసలు ఆడొద్దంది. నేను ఆడతానంటున్నాను. సగం."

ఇంకో ముగ్గురు లేసులు కట్టుకోవడం మానేశారు. నేను ఎవరికీ కన్ను గీటలేదు, ఒట్టు. ఆ ముగ్గురి ఎర్రగీతలూ ముందురోజు సాయంత్రం ఎక్కడున్నాయో నాకు తెలుసు, వాళ్ళకీ తెలుసు. స్తంభం మాత్రం చేతి గ్లవ్స్ సర్దుకుంటూ, నాది బానే ఉంది సార్, నేను మొత్తం ఆడతాను అంది. బెంచి మీద ఆరు వారాలుగా నీళ్ళ సీసాలు అందిస్తున్న నలుగురు పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. రిఫరీ విజిల్ వేసి రమ్మన్నాడు.

మా తమ్ముడు నా వైపు చూశాడు. చిన్నప్పుడు నాన్న బెల్టు తీసినప్పుడు ఇలాగే చూసేవాడు, నేను అడ్డం వస్తానేమోనని. ఫైనల్ రోజు మాత్రం నేను అడ్డం రాలేదు. సూదిలో దారం ఎక్కించుకున్నాను. వాడు చేతిలో కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని, బెంచి మీది నలుగుర్నీ లేవమన్నాడు.

ఫస్టాఫ్‌లో ఒక గోల్ తిన్నాం. ఆ కొత్త నలుగురిలో ఒక పిల్ల, బెదురు కళ్ళది, రెండుసార్లు గోల్‌లైను మీద బంతిని అడ్డుకోకపోతే మూడు తినేవాళ్ళం. సెకండాఫ్‌లో మా నలుగురూ దిగారు. చివరి పావుగంటలో అవతలి జట్టు పిల్లలు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిలబడుతుంటే మావాళ్ళు వాళ్ళ పక్కనుంచి దూసుకుపోయారు. మా అమ్మాయి పరుగు చూడ్డానికి నేను లేచి నిలబడ్డాను. అది కొట్టిన గోల్‌తో లెక్క సమానమైంది. తర్వాత పెనాల్టీలు. స్తంభం రెండు ఆపింది, మావాళ్ళు మూడు పోగొట్టారు. ఓడిపోయాం.

రాష్ట్ర జట్టువాళ్ళు మా అమ్మాయిని తీసుకోలేదు. బెదురు కళ్ళ పిల్లని తీసుకున్నారు. ఇంటికొచ్చాక మా అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు వచ్చి, ఆ పిల్ల బాగా ఆడిందమ్మా, ఇన్నాళ్ళూ బెంచి మీద ఎందుకు కూర్చోబెట్టాడు మామయ్య అని అడిగింది. ఆ ప్రశ్న మామయ్యనే అడగమన్నాను. అడగడానికి మామయ్య లేడు. ఫైనల్ అయిన మర్నాడే పెట్టె సర్దుకుని స్టేడియం దగ్గర గది తీసుకున్నాడు. ఉద్యోగం పర్మనెంటు కాలేదు. నేను టిఫిన్ క్యారియర్ పంపిస్తే ఖాళీది కడిగి పంపిస్తున్నాడు గానీ మాట మాత్రం పంపడం లేదు. తింటున్నాడుగా, అది చాలు ప్రస్తుతానికి.

నాకు మాత్రం ఆ వారమంతా పొగడ్తలే. షాపుకి వచ్చిన ప్రతి తల్లీ, గట్టిదానివి, పిల్లల్ని కాపాడావు అంటోంది. మొదట్లో బానే ఉంది. మీరు కూర్చోండి అని కుర్చీ కూడా వేశాను ఒకరిద్దరికి.

పదిరోజులకి పాలబూత్ ఆవిడ వచ్చింది. పొట్టికి ఆపరేషన్ అయిందని, ఏడాదిదాకా బంతి మాట ఎత్తొద్దన్నారని, ఆ తర్వాత కూడా చూడాలన్నారని చెప్పింది. కూర్చోమంటే కూర్చోలేదు. సందులోకి నడిచి గోడ దగ్గర నిలబడింది. పిల్లలు అందరి గీతలూ అప్పటికే ఆవిడకి చెప్పేసినట్టున్నారు, తన కూతురి మూరెడు ఎక్కడుందో వెతుక్కోకుండానే చూపించింది.

"ఈ ఎర్రగీత సెమీఫైనల్‌కి ముందురోజుదా?"

అవునన్నాను.

"మీకు తెలుసా అప్పుడే?"

తెలియదనొచ్చు. నాకు ఫుట్‌బాల్ అర్థం కాదని ఊళ్ళో అందరికీ తెలుసు. తెలుసు అన్నాను. మరి ఎందుకు చెప్పలేదని అడిగింది. మొదటిసారి చెప్పినప్పుడు నవ్వారు, అందుకని అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక ఎంత చిన్నగా ఉందో నాకే వినిపించింది.

"ఆ రోజు నేను నవ్వలేదు కదండీ. నాకు చెప్పొచ్చుగా" అంది ఆవిడ.

మీ అమ్మాయి దాకా వచ్చేసరికి మాత్రం నోరు లేచింది అని కూడా అంది. తిట్టింది. చాలాసేపు తిట్టింది, అరవకుండా, పాలు పోస్తూ చిల్లర మాట్లాడినంత మామూలుగా. తిట్టనిచ్చాను. పొగిడినప్పుడు కుర్చీలు వేసినదాన్ని, తిట్టినప్పుడు నిలబడి వినకపోతే ఎలా? ఆవిడ అలిసిపోయి ఆగాక, షాపు ముందుకి వచ్చి షట్టరు దించాను. గిరాకీ వేళ, బయట ఇద్దరు బట్టలతో నిలబడి ఉన్నారు. రేపు రమ్మన్నాను. ఎక్కడికని అడిగింది ఆవిడ. లీగ్ ఆఫీసుకి అన్నాను. మూడు మ్యాచ్‌లు ఆరు రోజుల్లో కుక్కింది వాళ్ళే, మా తమ్ముడొక్కడి మీద వేసి ఊరుకుంటే రాబోయే ఏడాది ఇంకో పొట్టి పడుతుంది.

లీగ్ ఆఫీసులో కార్యదర్శి టీ తాగుతూ మమ్మల్ని చూశాడు. ఫిర్యాదులు రాసిచ్చి పొమ్మన్నాడు. మీరే రాసుకోవాలి, మేం చెబుతాం అన్నాను. ఎవరి మీద ఫిర్యాదు అని అడిగాడు, మా తమ్ముడి పేరు చెబుతాననుకున్నాడు కాబోలు. పాలబూత్ ఆవిడ నా మొహం వంక చూస్తోంది.

"ముందు నా తప్పు రాసుకోండి" అన్నాను. "తర్వాత మీది చెబుతాను."

ఆయన గ్లాసు పక్కన పెట్టి, పెన్ను మూత తీశాడు.